గట్టు అంటే ఏ గట్టు

వాన వెలిసిన తరువాత మా వీధి చివర నిలిపిన లారీ మీద కప్పే తాడిపత్రి పట్టాను ఎవరో దులిపారు. తడిసిన గుడ్డ, తారు, పాత ధాన్యపు దుమ్ము కలిసిన ఆ వాసన కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చింది. చదువుతున్న పత్రికను మడిచి పక్కన పెట్టాను. ఆ వాసన తగిలితే నాకు లారీ డ్రైవరు నర్సింగప్ప గుర్తుకు వస్తారు. ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఆయనను ఎరిగినవారు రాయచూరులో ఇప్పుడు దాదాపుగా మిగలలేదు. ఎరగనివారి కోసం ఇది రాస్తున్నాను.

మాది గోదావరి ప్రాంతం. తుంగభద్ర కాలువ కింద సాగు చేసుకుందామని మా నాన్నగారు రాయచూరు దగ్గరి మానవి వైపు వలస వచ్చిన కాలంలో, నాకు రాయచూరులో ఒక ట్రాన్స్‌పోర్టు కార్యాలయంలో పర్యవేక్షకుడి ఉద్యోగం దొరికింది. చెప్పిన వేళకు చెప్పిన చోటికి సరుకు చేరాలన్నది నా పట్టుదల. లారీ నడిపేవారి బతుకు ఆ పట్టుదలకు ఎంత దూరంలో ఉంటుందో మొదటి నెలలోనే తెలిసింది. బొంబాయి దారి పట్టిన మనిషి ఎప్పుడు తిరిగి వస్తాడని అతని భార్య కూడా అడిగేది కాదు. అడిగితే కీడని వారి నమ్మకం. ఇంజను వేడికి డ్రైవర్ల ఎడమ పిక్క ఎప్పుడూ కమిలి ఉండేది. నిద్ర లారీ కింద. భోజనం దొరికిన చోట. బొంబాయి నుంచి వచ్చిన మనిషి ఇంటికి పోయి స్నానం చేయకముందే యజమాని మరో లోడు సిద్ధం చేసి ఉంచేవాడు. కాదన్నవాడి లారీ మరొకడి చేతికి పోయేది. అందుచేత ఎవరూ కాదనేవారు కారు. అలసట గురించి మాట్లాడేవారు గాని, భయం గురించి ఎవరూ నోరు విప్పేవారు కారు.

యరగేర నర్సింగప్ప ఒక్కరే విప్పేవారు. సన్నటి మనిషి, తలకు ఎప్పుడూ తడి తువ్వాలు. బండి కదిలించే ముందు చుట్టూ తిరిగి ప్రతి టైరు మీదా అరచెయ్యి ఆనించి చూసేవారు. తోటి డ్రైవరు ఖాజామియాకు అదొక వేడుక.

"క్యా నర్సింగ్ భాయ్, టైర్లకు గూడ సలాం కొడ్తున్నవా?"

"నీకు కొడ్తే ఏమొస్తది? చాయ్ గూడ తాపవ్. ఇవ్వి ఇల్లు జేరుస్తయి."

ఆలస్యమవుతోందని నేను ఒకసారి గట్టిగానే మందలించాను. ఆయన నొచ్చుకోలేదు. "భయమైతది సారూ," అన్నారు, దాహమవుతోందని చెప్పినంత మామూలుగా. పెద్దవాడొకడు నలుగురిలో ఆ మాట అనడం నేను అంతవరకు వినలేదు. చేతి గడియారం చూసుకున్నాను.

ఇక ఆ వానకాలపు సాయంత్రం సంగతి. ఆయన బొంబాయి నుంచి ఆ పూటే వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా వైపు నుంచి వలస వచ్చిన రైతులు కొత్తగా కట్టుకున్న ఒక ఆంధ్ర క్యాంపు నుంచి బియ్యం ఎత్తుకుని మళ్లీ బొంబాయికే బయలుదేరాలని యజమాని ఆజ్ఞ. క్లీనరుకు జ్వరం కావడంతో, క్యాంపుకు వెళ్లి రాయచూరు తిరిగి వచ్చేదాకా తోడుగా నేను వెళ్లాను. ఆ క్యాంపుకు వెళ్లడం మా ఇద్దరికీ అదే మొదటిసారి. బస్తాలు ఎక్కించాక, నాట్లు ముగించుకుని వస్తున్న ఆడకూలీలు పెద్దరోడ్డు దాకా రానిమ్మని అడిగి లోడు మీదికి ఎక్కారు. నేను వెనుక తాళ్లు సరిచూస్తున్నాను. ముందు వైపు క్యాంపు పెద్ద సుబ్బయ్యగారు ఆయనకు దారి చెప్పారట. "గట్టు వైపు మాత్రం పోకండి బాబూ, వానలకి పాడైపోయింది. రెండో దారిన పోండి." నర్సింగప్ప, "సరే," అన్నారట.

కొంత దూరం పోయాక బండి ఒక ఇరుకైన ఎత్తు మీదికి ఎక్కింది. ఒక పక్క నిండుగా పారుతున్న కాలువ. మరో పక్క లోతున వరిమడులు. తిప్పుకోవడానికి చోటు లేదు.

"ఈ దారిన వచ్చారేమిటి నర్సింగప్పగారూ?"

"ఆయననే జెప్పె గద సారూ, గట్టు దిక్కు పోవద్దని. అగో, గట్టు ఆడుంది." ఆయన గడ్డంతో దూరాన ఉన్న రాళ్లకొండను చూపారు.

రాయచూరు పల్లెల్లో గట్టు అంటే కొండ. మా ఊళ్లలో గట్టు అంటే కాలువకు పోసిన మట్టి. సుబ్బయ్యగారు వద్దన్నది మా చక్రాల కింద ఉంది.

"మేము గట్టు అనేది దీన్నే," అన్నాను.

"దీన్నా? ఇది కట్ట గద!" అన్నారు. ఆ వెంటనే గేరు తగ్గించారు.

"ఆపండి."

"ఈడ ఆపితే కూరుకపోతం. ముందల రాతి తూము కనిపిస్తుంది, ఆడిదాక పోవాలె. మాట్లాడకుండ్రి సారూ."

స్టీరింగు మీద ఆయన చేతులు వణకడం నేను చూశాను. బండి నడకలో మాత్రం వణుకు లేదు. వెనుక చక్రం ఒకచోట మెత్తగా దిగింది. లారీ నీళ్ల వైపు ఒరిగింది. కిటికీలోంచి నాకు మట్టి కనబడలేదు, పరుగెత్తే ఎర్రనీళ్లు మాత్రమే కనబడ్డాయి. లోడు మీద ఆడవాళ్లు మొదట కేరింతలు కొట్టారు. తరువాత ఒక్కసారిగా వారి మాటలు ఆగిపోయాయి. అంతమంది తలమీద ఊపిరి బిగపట్టి కూర్చున్నారని తెలియడం, పక్కన నీళ్లను చూడడంకంటే భయంకరంగా ఉంది. చక్రం ఎలాగో పైకి వచ్చింది. తూము మీది రాతికట్టడం పైకి బండి చేరగానే ఆయన ఇంజను ఆపివేశారు.

"అక్కలారా, ఎన్కకెళ్లి దిగుండ్రి. ఒక్కొక్కరే. దుంకొద్దు."

దిగుతూ ఒక పెద్దావిడ గద్దించింది. "ఏమయ్యా డ్రైవరూ, మమ్ముల్ని కాల్వల తానం జేపిద్దామనుకుంటివా?"

"ఇయ్యాల ఒద్దులే అక్కా, సబ్బు తేలె," అన్నారాయన. ఆడవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అక్కడి నుంచి ఆయన బండిని ముందుకు గాని వెనుకకు గాని కదపలేదు. చీకటి పడకముందే బస్తాలు దింపించి క్యాంపు ఎడ్లబండ్ల మీద వెనుకకు పంపించారు. కట్ట ఆరేదాకా లారీ ఆ రాళ్ల మీదనే ఉంటుందని చెప్పారు. మరునాడు ఉదయం యజమాని స్వయంగా వచ్చాడు. అందరి ముందూ ఆయనను పిరికివాడన్నాడు. ఖాజామియాను పిలిపించి తాళం అతని చేతికిచ్చాడు. అతడు ఖాళీ లారీని కట్ట మీదుగా చివరిదాకా నడిపి పెద్దరోడ్డు ఎక్కించాడు. ఏమీ కాలేదు. ఆ ఏడంతా ఆ కట్ట తెగలేదు. "చూశారా, అనవసరంగా బొంబాయి లోడు పోగొట్టాడు," అని యజమాని చాలాకాలం చెప్పుకున్నాడు. నర్సింగప్పకు మళ్లీ ఆ లారీ ఇవ్వలేదు. ఒక బియ్యపు మిల్లులో పాత బండి తోలుతూ ఊరి పొలిమేరలోనే ఉండిపోయారు.

కొంతకాలానికి బజారులో కలిశారు. నాకు లోపల రగులుతూనే ఉంది. "ఆ కట్ట తెగి ఉంటే మీ మాటే నిలిచేది కదా," అన్నాను.

ఆయన నన్ను కొంచెం వింతగా చూశారు. "తెగలేదని నాకు సంబరమే సారూ. తెగుంటే నేను గెల్సుంటి. కింద క్యాంపుల పిల్లలు గూడ ఉన్నరు. గసొంటి గెలుపు ఎవనిక్కావాలె?"

క్రమమంటే వేళకు చేరడమని అంతవరకు అనుకున్నవాణ్ణి. ఆయన క్రమం వేరు: ఏ కీడును శంకించి ఆగామో ఆ కీడు జరగకపోతే, మనమే తప్పని లోకమన్నా సరే, ఆ తప్పును తలమీద పెట్టుకుని ఇంటికి పోవడం. అంత నిబ్బరం నాకు ఈనాటికీ పూర్తిగా అబ్బలేదు.

తరువాత మేనేజరునయ్యాక ఆయనను తిరిగి పిలిపించాను. చూపు తగ్గిందని రానన్నారు. అప్పుడు నా కార్యాలయంలో ఒక నియమం పెట్టాను: దారి విన్న డ్రైవరు, విన్నదాన్ని తన భాషలో, తన మాటల్లో తిరిగి చెప్పాలి, కన్నడమైనా, ఉర్దూ అయినా, ఏ ఊరి తెలుగైనా. చెప్పేదాకా గేటు తెరవకూడదు. అందరూ విసుక్కున్నారు. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా ఆ నియమం నాతోనే ఉండిపోయింది. నా మాట పూర్తికాకముందే ఎవరైనా "సరే" అంటే, కాళ్ల కింద నేల మెత్తబడినట్లే ఉంటుంది. అర్థమైనదేమిటో చెప్పమంటాను. ఇంట్లోవారు నొచ్చుకుంటారు, నవ్వుతారు, చాదస్తమంటారు. అననిస్తాను. చెప్పేదాకా మాత్రం గడప దాటనివ్వను.