కొసలు గీకని తీగ

నలభై అయిదేళ్లకు అక్షరాలు దిద్దినవాణ్ని. అంతకుముందే మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కాలిపోయిన మోటార్లకు పాతికేళ్లు వైండింగ్ చేశాను. కూడబలుక్కుంటూ పదో తరగతి సైన్సు పుస్తకం చదివితే అందులో నా పనే ఉంది. అయస్కాంతం నడుమ కరెంటు పారే తీగను ఒక బలం పక్కకు నెడుతుందట. మోటారు తిరిగేది అందుకే. పిల్లలు దాన్ని బట్టీ పట్టకుండా కళ్లతో చూడాలని నా పట్టు. కోదాడ దగ్గర ఒక బడిలో సైన్సు సారును బతిమాలితే, తనిఖీకి అధికారి వచ్చే రోజున రమ్మన్నాడు.

అయస్కాంతం, బ్యాటరీలు, ఉయ్యాలలా వేలాడే రాగి తీగ పట్టుకుపోయాను. తీగ కాలిన మోటారుది, కొసలు ముందే గీకి తెచ్చాను. సారు ముఖం చిట్లించాడు.

"ఇదేంటి పెద్దాయనా, పొయ్యిలోంచి తీసినట్టుంది? ఆఫీసరు ముందు పరువు పోద్ది."

నా సంచిలోని కొత్త తీగ తెంపి తనే కట్టాడు. వైండింగ్ తీగకు కంటికి ఆనని పూత ఉంటుంది. కొసలు బ్లేడుతో గీకితే తప్ప కరెంటు పారదు.

"సారూ, జర ఆగు. కొసలు గీకాలె."

"తళతళలాడుతుంటే గీకుడేంటి! మీరెళ్లి వెనక కూర్చోండి."

అధికారి వచ్చాడు. సారు ఎడమ చేతి మూడు వేళ్లు చాపి నియమం చెప్పి, స్విచ్ నొక్కాడు. తీగ ఉలకలేదు, పలకలేదు.

"కదిలింది, చూశారుగా? రాసుకోండి."

తలలన్నీ వంగాయి. అధికారి కూడా తలూపాడు. ముందు బెంచీ పిల్ల ఒక్కతే లేచింది.

"కదల్లే సార్."

"నీకొక్కదానికే కళ్లున్నాయా? కూర్చో!"

అందరూ నవ్వారు. మోటారు నీ తప్పుతోనే కాలిందని మిల్లు యజమానుల ముఖానే చెప్పినవాణ్ని, ఆ రోజు నోరు మెదపలేదు. అధికారిని చూస్తే వేలిముద్రల కాలపు భయం మళ్లీ పట్టుకుంది.

సారు ఆయన్ని సాగనంపడానికి పోగానే కొసలు గీకాను. ఆ పిల్లను పిలిచి స్విచ్ నొక్కమన్నాను. తీగ ఒక్క దూకున పక్కకు ఎగిరింది.

"సూసినవా బిడ్డా? ఇందాక కదల్లే. నువ్వన్నదే నిజం."

"మంచిగుంది తాతా." నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. "నేను గూడ కదిలిందనే రాసిన. గట్ల రాస్తెనే మార్కులు గదా."

"ఇంకోపారి నొక్కు."

"వద్దు తాతా, ఆటో పోతది."