మా కాలనీకి ఐర్లండ్ ఎన్నికలు తెచ్చిన వైనం

మావగారికి ఉపకారం చేద్దామని బయలుదేరిన అల్లుళ్లలో నా అంత ఘోరంగా దెబ్బతిన్నవాడు ఉభయ గోదావరి జిల్లాల్లో ఇంకొకడు ఉండడు. ఉంటే దయచేసి వచ్చి కలవండి, ఇద్దరం కూర్చుని టీ తాగుతూ ఏడుద్దాం. నేను చేసిన నిర్వాకానికి నలభై ఇళ్ల కాలనీలో ఒక్క మనిషి కూడా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. పుట్టి పెరిగింది నిడదవోలు, ఉద్యోగం రాజమండ్రిలో, ఒక ప్రైవేటు కాలేజీలో సివిక్స్ లెక్చరరుగా. మావగారు కామేశ్వరరావుగారి ఇంటికి రెండిళ్ల అవతలే అద్దెకుండేవాళ్లం. అందువల్ల నేను ఆయనొక్కరికే కాదు, కాలనీ మొత్తానికీ అల్లుణ్ణి. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం గుమ్మం దిగితే చాలు, "మీరెందుకండీ అల్లుడుగారూ, మేం తెస్తాం కదా" అంటూ ముగ్గురు లేచేవారు. ఆ మర్యాదకి నా బుర్ర బాగా ఉబ్బింది. తెలివైనవాణ్ణి కాబట్టే ఇంత గౌరవం అనుకున్నాను.

మావగారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, పదేళ్లుగా కాలనీ సంఘానికి సెక్రటరీగా ఉన్నారు. ప్రెసిడెంటు రామరాజుగారు. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న పెద్దమనిషి, మావగారికి ప్రాణస్నేహితుడు. ఏటా ఆగస్టు పదిహేనుకి పార్కులో జెండా ఎగరేస్తారు. మడతల్లో బంతిపూల రెక్కలు పేర్చి, లాగితే విడిపోయేలా ముడి వేసి, జెండాని కర్రకి కట్టేది మావగారు. ఇస్త్రీ పంచెతో వచ్చి తాడు లాగేది రామరాజుగారు. పదేళ్లుగా ఇదే వరస.

ఒకరోజు అత్తగారు బీరువా సర్దుతుంటే, మడత నలగని కొత్త పట్టంచు పంచె కనిపించింది.

"ఇదెవరిదండీ అత్తయ్యగారూ?"

"మీ మావయ్యగారిదే బాబూ. ఒక్క ఏడాదైనా జెండా తాడు తను లాగాలని ఆయన ఆశ. మూడేళ్ల కిందట కొనుక్కున్నారు. పైకి అనరు. రామరాజుగారు నొచ్చుకుంటారని."

నా గుండె కరిగిపోయింది. ఆ సాయంత్రం రామరాజుగారి చెవిన ఒక్క మాట వేసి ఉంటే, ఆయనే తాడు తెచ్చి మావగారి చేతిలో పెట్టేవారు. కానీ అంత తేలిక దారిలో వెళ్లిపోతే ఇక సివిక్స్ లెక్చరరు దేనికి?

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కాలేజీ లైబ్రరీలో, అట్ట ఊడిన ఒక పాత పుస్తకం చదువుతున్నాను. ఐర్లండ్‌లో చిన్న పట్టణాల కౌన్సిళ్లకీ, బరోలనే కాస్త పెద్ద పట్టణాల కౌన్సిళ్లకీ ఎన్నికలు ఎలా జరుగుతాయో అందులో ఉంది. అక్కడ ఓటరు ఒక్కరికే ఓటు వేసి ఊరుకోడు. బాగా నచ్చినవాళ్ల పేరు పక్కన ఒకటి, తర్వాతివాళ్లకి రెండు, ఆ తర్వాత మూడు అని వరసగా అంకెలు వేస్తాడు. అందరికన్నా తక్కువ ఒకట్లు వచ్చినవాణ్ణి తప్పించి, అతని కాగితాలని రెండో అంకె ఉన్నవాళ్లకి పంచుతారు. ఇది చదవగానే నాకు ఒళ్లు పులకరించింది. ఎవరినీ కాదనక్కర్లేదు. మొహమాటస్తుల కాలనీకి ఇంతకన్నా ఏం కావాలి?

ఈసారి ప్రెసిడెంటు పదవికి ఈ పద్ధతిలో ఎన్నిక పెడదామని, ఆయన నిలబడాలని మావగారికి చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"రామరాజుగారి మీద పోటీయా అండీ? రేపట్నుంచి ఆయన మొహం ఎలా చూడను?"

"పోటీ కాదు మావయ్యగారూ. వరస చెప్పడం, అంతే. ఐర్లండ్‌లో అందరూ ఇలాగే చేస్తారు."

"వాళ్లు చేస్తారండి. వాళ్లకి రామరాజుగారు లేరు కదా."

ఈలోగా కబురు రామరాజుగారికి చేరింది. ఆయన స్వయంగా మా గుమ్మంలోకి వచ్చారు. "మా కామేశ్వరరావుగారు నిలబడతారటగా. చాలా సంతోషమండి. నేను తప్పుకుంటాను, ఆయన్నే చేసేద్దాం."

పాఠకులారా, నేను కోరుకున్నది అదే కదా? ఆ చేతులకి దండం పెట్టి పంపించేయాలి కదా? నేనేమన్నానో చూడండి. "అయ్యో, మీరు తప్పుకుంటే ఎన్నికెలా అవుతుందండీ? మీరు ఉండి తీరాలి." అప్పుడు మా ఇంట్లోనే ఉండి, నా వెనక నిలబడ్డ మావగారి మొహం ఎలా ఉందో నేను చూడలేదు. చూసిన మా ఆవిడ సునీత వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత మరో చిక్కు వచ్చిపడింది. ఇద్దరే నిలబడితే ఐర్లండ్ పద్ధతి అందం తెలియదు. తప్పించడానికి మూడోవాడు కావాలి. ఓడిపోతానని తెలిసీ ఎవరు నిలబడతారు? నేనే నా పేరు రాసేసుకున్నాను. ఎలాగూ అందరూ నాకు మూడు వేస్తారు, మొదటి లెక్కింపులోనే ఎగిరిపోతాను, మావగారు గెలుస్తారు. ఇంత అందమైన ప్లాను నా జీవితంలో మళ్లీ వేయలేదు.

ఇంటికొక ఓటు. ముందురోజు పార్కులో బ్లాక్‌బోర్డు పెట్టి గంటసేపు పాఠం చెప్పాను. అంతా బుద్ధిగా విన్నారు. చివర్లో రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ సరోజినిగారు చెయ్యెత్తారు.

"రెండు అనే అంకె ఇద్దరికీ వేయొచ్చా బాబూ?"

"ఒకటి మాత్రం ఒక్కరికే ఉండాలండి. మిగతాది మీ ఇష్టం" అన్నాను, బోర్డు తుడిచే తొందరలో.

ఆ మాటకి పార్కంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మొహాలు విచ్చుకున్నాయి. నా బోధన మహిమ అనుకుని మురిసిపోయాను.

ఆదివారం ఉదయం పోలింగు. కన్నం పెట్టిన స్వీటు డబ్బాలో ఓట్లు వేశారు. లెక్కపెట్టడానికి నేనే కూర్చున్నాను, ఐర్లండ్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి. మొదటి కాగితం తీశాను. నాకు ఒకటి. రామరాజుగారికి రెండు. మావగారికీ రెండు. ఎవరో పొరపాటు పడ్డారనుకుని రెండోది తీశాను. నాకు ఒకటి, వాళ్లిద్దరికీ రెండు. పదో కాగితాన్ని తిరగేసి కూడా చూశాను. ఇరవయ్యో కాగితానికి మంచినీళ్లు అడిగాను.

నలభై ఓట్లలో నాకు ముప్పై ఎనిమిది. మావగారికి ఒక్కటి, అది నేను వేసింది. ఇంకొకటి చెల్లలేదు, దాంట్లో ముగ్గురికీ ఒకటే వేసి ఉంది.

"ఆ చెల్లనిది నాదేనండి" అన్నారు రామరాజుగారు. "మనలో మనకి ఒకటేంటి, రెండేంటి చెప్పండి."

"మరి మీరంతా ఇలా వేశారేంటండీ?" అన్నాను సరోజినిగారితో. ఏడుపు ఒక్కటే తక్కువ.

"మరేం చేస్తాం బాబూ. ఇద్దరూ కావాల్సినవాళ్లే. ఒకరికి ఒకటేస్తే రెండోవారు చిన్నబుచ్చుకోరూ? మీకైతే ఇద్దరూ సంతోషిస్తారు. పైగా అల్లుడుగారికి మూడు వేయడానికి చెయ్యి వస్తుందా?"

నేను మావగారి వైపు తిరిగాను. "మీరైనా మీకు వేసుకోలేదా మావయ్యగారూ?"

ఆయన కళ్లజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నారు. "వేసుకుందామనే పెన్ను తీశానండి. మీ పేరు పక్కనే కనపడింది. ఇంటల్లుణ్ణి నాకన్నా కింద రాస్తే రేపు మా అమ్మాయి ఏమనుకుంటుంది?"

గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, ఈ సంగతి నాకు ముందే తెలియాలి. తెలియలేదు. ఆ సాయంత్రం సునీత ఫోన్ చూస్తూ వచ్చి చల్లగా చెప్పింది. "ఐర్లండ్‌లో ఆ పట్టణ కౌన్సిళ్లన్నీ ఎప్పుడో రద్దు చేసేశారటండీ. వాళ్లకీ మీలాంటి అల్లుడెవరో దొరికుంటాడు."

మర్నాడే రాజీనామా ఇచ్చాను. అది ఇంకా పెద్ద తప్పయింది. అల్లుడుగారు అలిగారని కాలనీ అంతా గుప్పుమంది. సాయంత్రానికి మా ఇంటికి ఏడు పళ్లేలు వచ్చాయి. పూతరేకులు, కాజాలు, సున్నుండలు. "మావల్ల ఏం తక్కువైంది బాబూ?" అని అత్తగారు కళ్లొత్తుకున్నారు. రాజీనామా చించేసి రెండు కాజాలు తిన్నాక గానీ వాళ్లు కదల్లేదు.

ఆగస్టు పదిహేను రానే వచ్చింది. పొద్దున్నే మావగారు మామూలుగానే పాత పంచెతో వచ్చి, బంతిపూల రెక్కలు తుంచుతూ పార్కులో కూర్చున్నారు. ఆ వంగిన వీపు చూస్తే నాకు నా మీద అసహ్యం వేసింది. జేబులోంచి కాగితం తీసి ఆయనకిచ్చాను. ప్రెసిడెంటు హోదాలో నా మొదటి ఉత్తర్వు, చివరిది కూడా. జెండాని ఈసారి సెక్రటరీగారు ఎగరేయాలని అందులో రాశాను.

నోటితో చెప్పి ఉంటే ఆయన ఛస్తే ఒప్పుకునేవారు కాదు. కానీ ముప్పై ఐదేళ్లు గవర్నమెంటులో పనిచేసిన మనిషి, రాతపూర్వకంగా వచ్చిన ఆర్డరుని కాదనలేరు. రెండుసార్లు చదివారు. "తారీకు వేయలేదండి" అన్నారు. నేను వేశాను. కాగితం జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని ఇంటికి వెళ్లారు. తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద పట్టంచు పంచె ఉంది.

ఈలోగా జెండా కట్టింది రామరాజుగారు. అలవాటు లేని చెయ్యి, ముడి బిగించేశారు. మావగారు లాగితే రాలేదు. మళ్లీ లాగినా రాలేదు. "కొంచెం గట్టిగా లాగండి బాబూ, ముడి నాది" అన్నారు రామరాజుగారు సిగ్గుపడుతూ. మూడోసారికి విడిపోయి, పూలన్నీ మావగారి బట్టతల మీద పడ్డాయి. జెండా పాట మొదలైనా ఆయన రెక్కలు దులుపుకోలేదు. ఆయన కళ్లు తడిశాయి. నావి కూడా.

అదే జెండా కింద నిలబడి నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, బొందిలో ప్రాణం ఉండగా గోదావరి జిల్లాల మనుషుల్ని ఇద్దరిలో ఎవరు ముందని అడగను, అడిగేవాళ్లకి సహకరించను, పరాయి దేశాల ఎన్నికల పుస్తకాలు ముట్టను.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు బొబ్బట్లు, సునీత పాయసం వడ్డించి, ఏది బాగుందో చెప్పమని ఇద్దరూ నా మొహంలోకి చూశారు. రామరాజుగారింటి నుంచి వచ్చిన పులిహోర చాలా బాగుందని చెప్పాను.