అడిగి తెచ్చుకోని కుర్చీ

తమిళనాట తుడియలూరులో మా పక్కింటి వకీలత్త పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. ఆమె ఎదురుచూసిన ఉత్తర్వు రాలేదు. ఇక రానక్కరలేదు.

మా వీధిలో అందరికీ ఆమె వకీలత్తే. ఆదివారాలు నల్ల గౌనును వరండా తీగ మీద నీడకు ఆరేసేది. మెడకు కట్టే తెల్ల పట్టీలకు తానే గంజి పెట్టుకునేది. ఎవరితోనూ మాట్లాడని నాకు తన పుస్తకాల గది తాళం ఇచ్చింది, "దుమ్ము దులుపు కణ్ణు" అని ముద్దుగా అంటూ. ఆ నెపంతో అక్కడున్నవన్నీ చదివాను. అంత చదువు నాకు ఏ బడీ చెప్పలేదు.

నేను పదో తరగతిలో ఉండగా హైకోర్టు పెద్ద జడ్జీలు ఆమెను న్యాయమూర్తిగా వేయమని సిఫారసు చేశారు. ఫైలు ఢిల్లీకి వెళ్ళింది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, ఆమె గురించి విచారణకని ఒకాయన మా గుమ్మంలోకి వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పక్కింటికి జెండాలతో ఎవరైనా వస్తారా అని అడిగాడు. అబద్ధమాడకూడదని కాన్వెంటు బడి సిస్టర్లు నేర్పిన పిల్లను. వచ్చారన్నాను. రాసుకుని వెళ్ళిపోయాడు.

వచ్చినవాళ్ళు పారిశుద్ధ్య కార్మికులు. సర్కారు ఖాళీ చేయించబోయిన వాళ్ళ ఇళ్ళను అత్త కోర్టులో నిలబెట్టింది. మన తెలుగులోనే ఆమెకు నాలుగు మాటలు చెప్పి, దండం పెట్టి వెళ్ళారు. అదంతా నేను చెప్పలేదు. జెండాలు మాత్రమే చెప్పాను.

ఫైలు కదలలేదు. వద్దని ఎవరూ అనలేదు, సరేననీ అనలేదు. సిఫారసు జాబితాలో ఆమె తర్వాత పేర్లున్నవాళ్ళు జడ్జీలయ్యారు. పేపర్లో ఆ పేర్లు వచ్చినప్పుడల్లా చివరిదాకా చదివి మడిచి పెట్టేది.

కాలేజీలో చేరాక ఒకరోజు ఏడుస్తూ ఆమెకు చెప్పేశాను.

"దానికేంటికే ఏడుస్తావు? నువ్వు నిజమే కదా చెప్తివి," అంది. మళ్ళీ తానే, "ఎందుకు వచ్చిరని వాడు అడగవలసింది. అడగలే."

ఇంకోసారి ఆమె తమ్ముడు వచ్చాడు. నేను లోపల అలమర తుడుస్తున్నాను.

"అక్కా, మా పార్టీ ఆయన ఢిల్లీలో ఒక్క మాట చెప్తానంటాడు. నువ్వు ఊ అను, చాలు."

"అడిగి తెచ్చుకున్న కుర్చీ అయితే, ఇప్పించినవాడు లోపలికొస్తే లేచి నిలబడాలరా."

"నీ న్యాయం నువ్వే పెట్టుకో. కూర్చోకనే పోతావు పో!"

"సరి, పోతాలే. నువ్వు కాఫీ తాగి పో."

తమ్ముడన్నట్టే అయింది. ఆమె పట్టుదల వల్ల ఏదో మారిందని రాయాలని ఉంది. ఏమీ మారలేదు. నా మాట వల్లే ఆగిందో కాదో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ ఫైలులో ఏం రాసుందో ఎవరూ చెప్పరు.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం వాళ్ళింటి ముందు పందిరి వేసి అద్దె కుర్చీలు పరిచారు. తమ్ముడు చెప్పిన ఆ నాయకుడు పూలదండతో వచ్చాడు. కారు తలుపు చప్పుడుకే అందరూ లేచారు. వెనక వరుసలో ఉన్న కార్మికుల ఆడవాళ్ళూ లేచారు. నేనూ లేచాను. అద్దాల పెట్టెలో అత్త మాత్రం అలాగే ఉంది, మెడకు గంజి పెట్టిన తెల్ల పట్టీలతో.