మర్యాదకి పోయి మస్కట్ పోగొట్టుకున్నాను

వచ్చిన ఉత్తరాలకి జవాబులు రాసి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా? ఇదిగో, మీ ఎదురుగానే టీ తాగుతున్నాను!

రాజోలులో ఏసీలు బాగుచేసుకునేవాణ్ణి కదా, మస్కట్లో ఉన్న మా బావగారు తన కంపెనీలో నా గురించి చెప్పారు. "ఆర్డరు ఈమెయిల్లో వస్తుందిరా, చూసుకుంటూ ఉండు" అన్నారు. అమలాపురం వెళ్ళి నెట్ సెంటర్లో ఐడీ పెట్టించుకున్నాను. తెరమీద అడిగిన ప్రతిచోటా ఆ ఐడీ శ్రద్ధగా నింపేశాను కూడా.

వారం తర్వాత చూస్తే పదకొండు ఉత్తరాలు! పోస్టుమాన్ జన్మలో నాకన్ని తేలేదు. ఒకాయన ఒళ్ళు తగ్గే మందు ఇస్తానంటాడు. ఇంకొకాయన లాటరీ తగిలిందంటాడు. ఎక్కడో జనరల్ గారి భార్యట, భర్త పోయాడు, ఆస్తి దాచడానికి నమ్మకమైన మనిషి కావాలట. పాపం! కంపెనీ ఉత్తరం మాత్రం లేదు.

ఉత్తరానికి జవాబు రాయకపోతే మా ఇంట్లో మహాపరాధం. వద్దన్నా మర్యాదగా వద్దనాలి. డిక్షనరీ దగ్గర పెట్టుకుని ఇంగ్లీషులో అందరికీ రాశాను. "అయ్యా, మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి. నేనిప్పటికే పుల్లలా ఉన్నాను, మందు అక్కర్లేదు." ఆవిడకైతే ఓదారుస్తూ రెండు పేరాలు.

పైవారం వందకి పైగా వచ్చాయి! కరెంటు పోయేదాకా జవాబులు రాస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత బావగారి ఫోను. "ఒరేయ్, కంపెనీవాళ్ళు మూడుసార్లు పంపేర్రా. నీ బాక్సు నిండిపోయిందని మూడుసార్లూ తిరిగొచ్చేసింది. ఆ ఉద్యోగం వేరేవాడికిచ్చేసేరు."

నెట్ సెంటరుకి పరిగెత్తాను. ఓనరు రాజుగారు సంగతి విని తల పట్టుకున్నారు.

"జవాబులు రాసేరా? అవన్నీ దొరికిన ప్రతి ఐడీకీ విసిరే దొంగ ఉత్తరాలండీ. ఈ ఇంట్లో మనిషున్నాడని మీరే చెప్పేరన్నమాట!"

"రాయకపోతే ఏమనుకుంటారండీ?"

"అనుకోడానికి అటుపక్క మనుషులుంటే కదండీ!"

ఒక్కొక్కటీ చెరపడానికి రెండు పూటలు పట్టింది. పేజీ తెరుచుకునేలోపు లైను కట్, మళ్ళీ మొదటికి. చివరికి కంపెనీవాళ్ళకి క్షమాపణ రాసి, రోజూ బస్సెక్కి వెళ్ళి, కొత్తగా పడ్డ చెత్త చెరిపేస్తూ, వాళ్ళ జవాబు కోసం చూసుకున్నాను. ఇంట్లో మొహం చూపించలేకపోయాను. ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను.

పదిహేనో రోజున నా పేరు పెట్టి ఒక ఉత్తరం! గబగబా తెరిచాను. జనరల్ గారి భార్య. "చాలారోజులైంది, మీరు క్షేమమేనా?" అని.

నెల రోజుల్లో నా క్షేమం అడిగింది ఆవిడొక్కతే. జవాబు రాయకుండా లేచొచ్చేశానండీ. మరి ఆవిడేమనుకుందో ఏమిటో!