గోడ మీద అంగుళం

మోకాళ్ళు పట్టేసినవాళ్ళకి వైద్యం చేసే మనిషి పదిహేడు మెట్ల పైన గది తీసుకుని కూర్చుంటే ఎవరికైనా ఒళ్ళు మండదా? నాకూ మండింది. నా మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి, పోయింది భుజం. అయినా ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు చొప్పున తిట్టుకుంటూ ఎక్కాను. పైన కిటికీలో ఒకావిడ నిలబడి నన్నే చూస్తోంది. ఎదురు రాదు, చెయ్యి అందించదు. చూస్తోంది, అంతే.

నేను పైకి చేరి ఊపిరి తీసుకునేలోపే అంది:

"పెద్దమ్మా, మెట్ల పక్క కమ్మీ మీకు కుడివైపుంది. మీరు ఒళ్ళంతా తిప్పుకుని ఎడమచేత్తో పట్టుకుని ఎక్కారు. కుడిచెయ్యి లేవక ఎన్నాళ్ళైంది?"

నేనింకా గుమ్మం కూడా దాటలేదు. నా రోగం సగం చదివేసింది. ఆ మెట్లు అద్దె తక్కువని కాదు, మనిషి ఎక్కేటప్పుడు ఎక్కడ కుంటుతాడో, ఎక్కడ దాస్తాడో చూడ్డానికని తర్వాత తెలిసింది. గదిలోకొచ్చి కూర్చున్నాక అందరూ అబద్ధాలు చెబుతారట. మెట్లమీద చెప్పలేరట.

మా వీధిలో ఆవిణ్ణి మెల్లగమ్మ అంటారు. మెల్లగా కూర్చోండి, మెల్లగా తిప్పండి, మెల్లగా ఊపిరి వదలండి. నోరు తెరిస్తే అదే మాట. ఫిజియోథెరపీ అనడానికి మావాళ్ళకి సగంమందికి నోరు తిరగదు. నాకు తిరుగుతుంది, చదివింది నాలుగో తరగతే అయినా. కానీ మెల్లగమ్మే బాగుంది. నలభై అయిదేళ్ళ మనిషి, బక్కపలచన, అరచేతులు మాత్రం ఒంటికి తగని పెద్దవి. వేరే ఎవరి చేతులో తెచ్చి కుట్టినట్టుంటాయి.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆవిడ సంగతి అర్థం కాదు. మాది కుట్టుపని కొట్టు. బడిపిల్లల యూనిఫారాలు కుడతాం. కొట్టులో ఇద్దరమే. నేను కత్తిరిస్తాను, కోడలు కుడుతుంది. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కత్తెర తప్పితే ఆ గుడ్డ మసిగుడ్డే. అందుకే మా కొట్టులో కత్తెర ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళది. మా అత్తగారు ప్రాణం పోయేదాకా దాన్ని నాకివ్వలేదు. ముప్ఫై ఏళ్ళుగా నా చేతిలో ఉంది.

బడులు తెరవడానికి ఏడు వారాలుంది. రెండు వందల జతలు కత్తిరించాలి. నా చెయ్యి ఛాతీ దాటి లేవడం లేదు. తల నేను దువ్వుకోలేక, కోడల్ని అడగలేక, జుట్టుకి రబ్బరు చుట్టుకుని తిరుగుతున్నాను. మా అబ్బాయి, "అమ్మా, ఈసారికి కత్తిరింపు తనకి అప్పజెప్పు, ఏం పోతుంది?" అన్నాడు. కోడలు ఏమీ అనలేదు. అనే కోడలితో వేగొచ్చు. ఏమీ అనని కోడలంటేనే భయం.

ఇదీ నేను పదిహేడు మెట్లు ఎక్కిన కారణం.

మెల్లగమ్మ ఆరోజు నా భుజం ముట్టుకోలేదు.

"నొప్పెంతో తర్వాత చెబుదురుగాని. ఈ చెయ్యి బాగైతే ముందు ఏం పని చేస్తారు?"

"గుడ్డ కత్తిరిస్తాను."

"చూపించండి."

మంచం మీద దుప్పటి పరిచి గుడ్డనుకోమంది. వట్టి చేత్తో కత్తిరించి చూపించాను. నా చుట్టూ తిరిగి వెనక నిలబడింది. కుదరని చొక్కా తొడుక్కున్నవాడి వీపుని నేనెలా చూస్తానో అచ్చం అలా చూసింది. అప్పుడే కొంచెం గురి కుదిరింది. పని తెలిసినవాళ్ళ చూపు పని తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

"బిగుసుకుపోయిన భుజం, పెద్దమ్మా. వదులుతుంది. కానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది."

"నాకు ఏడు వారాలే ఉంది."

"ఆ సంగతి భుజానికి తెలీదుగా."

నవ్వకుండా అంది. నోరున్న మనిషే.

ఆ గదిలో మూలన దూలానికి పాత సైకిలు చక్రం వేలాడుతుంటుంది. టైరు లేదు, దాని గాడిలో తాడు. తాడు రెండు కొసలకీ రెండు పిడులు. మంచిచేత్తో ఒక పిడి కిందికి లాగితే, పోయిన చెయ్యి రెండో పిడితో పాటు పైకి లేస్తుంది. ఆ చక్రం కింద కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. మెల్లగమ్మ తండ్రి. చక్రం కిర్రుమంటే ఎడమచేత్తో నూనె చుక్క వేస్తాడు. కుడి మణికట్టు కర్రలా ఉంటుంది, వంగదు.

ఆయన కథ ఆయనే చెప్పాడు, నేను తాడు లాగుతుండగా. ఆయనకి సైకిలు షాపుండేది. వంకరపోయిన చక్రాన్ని ఊచలు బిగించి సరిచెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఒకసారి జారిపడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. ఎముక చక్కగా అతికింది. కట్టు విప్పినవాళ్ళు "అయిపోయింది, ఇంటికెళ్ళు" అన్నారు. చెయ్యి తిప్పాలని ఎవరూ చెప్పలేదు. చుట్టాలందరూ "కదపకు, కదపకు" అన్నారు. ఆయన కదపలేదు. ఏడాది తిరిగేసరికి మణికట్టు అలాగే నిలబడిపోయింది. ఊచ బిగించాలంటే మణికట్టు తిరగాలి. కొన్నాళ్ళు పదేళ్ళ కూతురు పక్కన కూర్చుని ఆయన చెప్పినట్టు ఊచలు తిప్పింది. తర్వాత షాపు మూసేశారు.

"విరిగింది అతికించేవాళ్ళు చాలామందున్నారు చెల్లెమ్మా," అన్నాడు పెద్దాయన. "అతికింది తిప్పించేవాళ్ళే లేకపోయారు. అందుకే ఇది ఈ చదువు చదివింది."

మెల్లగమ్మ ఆ మాటకి తలెత్తలేదు. అవతల ఒక డ్రైవరు మోకాలు వంచుతోంది. "మెల్లగా," అంది, అతనితో.

ఇంట్లో చెయ్యమని నాకు ఒక పనిచ్చింది. గోడకి ఎదురుగా నిలబడాలి. వేళ్ళతో గోడమీద పురుగు పాకినట్టు పైకి పాకాలి. నొప్పి మొదలైన చోట ఆగి, కొంచెం నిలిపి, దిగిపోవాలి. ఆగిన చోట గీత పెట్టాలి. రోజుకి మూడుసార్లు. గీతలెంత పెరిగాయో వారానికోసారి చెప్పాలి.

గీతలు పెట్టడం నాకొకరు నేర్పాలా? కొట్టులో గోడకెదురుగా నిలబడి, దర్జీ సుద్ద తీసుకుని మొదలుపెట్టాను. మూడు వారాల్లో గీతలు పన్నెండు అంగుళాలు పెరిగాయి. మెల్లగమ్మకి గర్వంగా చెప్పాను. ఆవిడ తన గది గోడమీద పాకించి చూస్తే అయిదే వచ్చింది.

"మీ గోడ నామీద పగబట్టింది," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "నొప్పి పెరిగిందా?"

"లేదు," అన్నాను. అబద్ధం. భుజంలో నిప్పు పెట్టినట్టుంది. పళ్ళు తోముకోవడానికి కూడా ఎడమచెయ్యే.

ఆ సాయంత్రం తలుపులు దించే వేళకి కొట్టుకొచ్చింది. తిన్నగా గోడ దగ్గరికెళ్ళి నా గీతల్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఒక్కసారి పాకండి," అని వెనక్కొచ్చి నిలబడింది. పాకాను. నా భుజం మీద ఒక చెయ్యి వేసింది, ఒళ్ళు వంగకుండా. "మడమలు," అంది. అప్పుడు చూసుకున్నాను. మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాను. మడమలు దించేసరికి చెయ్యి కూడా జారి దిగింది.

"ఇప్పుడు గీత పెట్టండి."

పెట్టాను. ఆవిడ నా వేలికొసకీ గీతకీ మధ్య సందు చూసింది. నేనూ చూశాను. సరిగ్గా అంగుళం.

"ఇదేంటి పెద్దమ్మా?"

గుడ్డ మీద కొలత ఎక్కడుందో అక్కడ కాదు మేం గీసేది. కుట్టుకని అంగుళం వదిలి గీస్తాం. ముప్ఫై ఏళ్ళ అలవాటు, బుర్రనడగదు, చేతి పని చేతిదే. మొదటిరోజే అంగుళం పైన గీశాను. రెండోరోజు ఆ గీత అందుకోవాలి కదా. అందలేదంటే వెనక్కి పడ్డట్టు. భుజం ఎగదీసి, నడుం వంచి, మునివేళ్ళ మీద లేచి అందుకున్నాను. అందిన రోజల్లా దానిమీద మళ్ళీ అంగుళం. చెయ్యి లేవలేదు, నేనే లేచాను మూడు వారాలు.

"కుట్టుకా?" అంది.

"కుట్టుకే," అన్నాను.

అప్పుడు నవ్వింది, కత్తిరింపు బల్ల పట్టుకుని మరీ. మిషను దగ్గర కోడలు కూడా తలొంచుకుని భుజాలు కదిలిస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కొట్టు మూసే వేళైంది," అన్నాను. నవ్వు ఆపుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ బల్లని ఒకసారి, నన్నొకసారి చూసింది.

నాలుగు రోజులు మెట్లెక్కలేదు. అయిదోరోజు కోడలు మిషను ఆపింది.

"అత్తయ్యా, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి."

"ఎందుకు, కత్తెర తీసుకోవడానికి తొందరగా ఉందా?"

"కత్తెర నాకొద్దు. రెండు వందల జతల గుడ్డలో ఒక్క చొక్కా చెయ్యి తప్పు కోసినా మీ నోట్లో నుంచి నన్నెవరు తీస్తారు? మీ చెయ్యి బాగవ్వాలని మీకన్నా నాకే ఎక్కువుంది."

పదకొండేళ్ళ కాపురంలో ఒక్క ఊపున అది అన్ని మాటలనడం అదే మొదలు. నేను చెప్పులేసుకున్నాను.

పెద్దాయన చక్రానికి నూనె వేస్తున్నాడు. నన్ను చూసి, "నా చెయ్యి బిగుస్తోందని నేను గోడకైనా చెప్పుకోలేదు. నువ్వు గోడనే మోసం చేశావటగా?" అన్నాడు. ఇంకెవరన్నా అనుంటే ఊరుకునేదాన్ని కాదు. ఆ మణికట్టు చూసి ఊరుకున్నాను.

మెల్లగమ్మ ఎదురుగా కూర్చుంది. "పెద్దమ్మా, మీ బల్ల ఎవరి ఎత్తుకి చేయించారు?"

"మా అత్తగారి ఎత్తుకి. తాటిచెట్టంత మనిషి."

"మీరు?"

మా అత్తగారి భుజానికి వస్తాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్లమీద భుజాలు ఎగదీసి కత్తిరిస్తున్నాను. లోకంలో అందరి కొలతలూ తీశాను. బల్ల పక్కన నేను నిలబడి కొలుచుకోలేదు.

"భుజం బిగుసుకోవడానికి బల్లే కారణమని నేననను. ఎందుకు బిగుస్తుందో చాలాసార్లు మాకూ తెలీదు. కానీ గోడమీద ఎంత పైకి పాకితే మీకేం? కత్తెరకి చెయ్యి తలపైకి లేవక్కర్లేదు. ముందుకి రావాలి. ఇప్పుడున్న చెయ్యి ఇప్పుడే పనికి రావాలంటే బల్ల దిగాలి. మిగతాది మెల్లగా వస్తుంది."

"అది మా అత్తగారి బల్ల."

"ఆవిడ వచ్చి కత్తిరిస్తారా మరి?"

రాత్రంతా ఆలోచించాను అని రాస్తే బాగుంటుంది. ఆలోచించలేదు. మెట్లు దిగి తిన్నగా వడ్రంగిని పిలుచుకొచ్చాను. అయిదు అంగుళాలు కొయ్యమన్నాను. "అమ్మా, నాలుగున్నర కోసి చూద్దామా, ఎందుకైనా మంచిది," అన్నాడు. "కుట్టుకి వదలక్కర్లేదు, కొయ్యి," అన్నాను. నాలుగు కాళ్ళూ కోశాడు. రంపం ఆడుతున్నంతసేపూ మా అత్తగారు పైనుంచి చూస్తోందనే అనిపించింది. చూడనీ.

మళ్ళీ అంగుళం కిందనుంచి గోడ మొదలుపెట్టాను. మడమలు నేలమీద. నొప్పి మొదలైన చోట ఆగడం. పది రోజులకి మంట చల్లబడింది. బల్లమీద చెయ్యి ముందుకి వచ్చింది, సగం దాకా. బల్ల అవతలి సగం అందదు. గుడ్డ తిప్పుకుంటూ కోస్తే రోజుకి పది జతలు కూడా కావు.

రెండు వందల జతలకి మిగిలింది పన్నెండు రోజులు. నేను పెట్టెలోంచి రెండో కత్తెర తీశాను. అదీ మా అత్తగారిదే. దాన్ని కోడలి ముందు పెట్టాను.

"నా గీత మీదే పోవాలి," అన్నాను.

"గీత మీరు పెడితే కదా," అంది.

గీతలన్నీ నేనే పెట్టాను, అంగుళం వదిలి. బల్లకి ఇటు నేను, అటు అది. మొదటి రోజు దాని కత్తెర గీత దాటబోయింది. "మెల్లగా," అన్నాను. నా నోట ఆ మాట వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. అది నాకన్నా రెండు అంగుళాలు పొట్టి. ఆ పాత బల్ల దగ్గర పదకొండేళ్ళు గుడ్డలు మడతపెట్టింది, ఎత్తని ఒక్కసారి అనలేదు. దిగిన బల్ల దానికి బాగా కుదిరింది. కోసినవి కోసినట్టు వీధిలో మిషన్లున్నవాళ్ళకి పంచి కుట్టించాం. బడి తెరిచే ముందురోజుకి జతలన్నీ వెళ్ళిపోయాయి. ఒకే ఒక్క చెయ్యి తప్పు కోసింది. నేనేం అన్నానో ఇక్కడ రాయను.

తల దువ్వుకునే చెయ్యి రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆరోజు అద్దం ముందు కూర్చుని ముడి వేసుకున్నాను. వంకరగా వచ్చింది. పూర్తిగా వెనక్కి ఇంకా పోదు, బహుశా పోదేమో అని మెల్లగమ్మ ముందే చెప్పింది. అలాగే మెట్లెక్కాను. కిటికీలో నిలబడి ఉంది. కుడిచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కుతుంటే పైనుంచి చూసింది. పెద్దాయన తాడు పిడి అందిస్తూ, "ముడి పక్కకి పోయింది చెల్లెమ్మా," అన్నాడు.

"మీ చక్రమూ అంతే, అన్నయ్యా," అన్నాను. "ఒక ఊచ వదులైంది."

ఆయన కూతుర్ని పిలిచాడు. ఆవిడ స్టూలెక్కి, ఆయన చెబుతుంటే ఊచ బిగించింది. నేను తాడు పట్టుకుని కింద నిలబడ్డాను.