మూడు డబ్బాల ఉస్తాద్

బుధవారం పగటి డ్యూటీ దిగి సైకిల్ తీస్తుంటే మిల్లు గుమాస్తా వచ్చి, "ఉస్తాద్ పోయిండు" అన్నాడు. ఏడుపు రాలేదు. పొద్దుటి నుంచి బాయిలర్ దగ్గర నిలబడి ఉన్నానేమో, ఉన్న కాస్త ఓపికా పోయి అక్కడే ఊక బస్తా మీద కూలబడ్డాను.

రాయచూరు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో నాలాంటివాళ్ళకు బాయిలర్ పని నేర్పింది ఆయనే. పుస్తకమిస్తే మేము చదవమని ఆయనకు తెలుసు. పాత క్యాలెండర్ అట్టలు ముక్కలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక్క ప్రశ్న రాసేవాడు. వాటికి మూడు టీపొడి డబ్బాలు. మొదటి డబ్బాలోవి రోజూ అడుగుతాడు, రెండోదానివి వారానికోసారి, మూడోదానివి నెలకోసారి. జవాబు వస్తే అట్ట తర్వాతి డబ్బాకు పోతుంది, తప్పితే మళ్ళీ మొదటికే. నా అట్టలు చాలాకాలం మొదటి డబ్బా దాటలేదు. ఆయన విసుక్కోలేదు. టీ మాత్రం నాచేతే తెప్పించేవాడు.

బాయిలర్ సర్టిఫికెట్‌కు నోటి పరీక్ష ఉంటుంది. అది తప్పితే నాకు మళ్ళీ ఊక మోసే కూలి పనే. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి నా అవస్థ చూడలేక ఆ మూడు డబ్బాలనూ ఫోన్‌లోకి ఎక్కించింది. ప్రశ్న వస్తుంది, జవాబు చూసుకుని 'వచ్చింది' అనో 'రాలేదు' అనో నొక్కాలి. మూడో డబ్బా చేరాక కూడా 'వచ్చింది' అన్న ప్రతిసారీ మళ్ళీ అడిగే గడువు నెలల కొద్దీ పెరుగుతూ పోతుంది. నేను కునికిపాట్లు పడుతూ అన్నిటికీ 'వచ్చింది' నొక్కేసి, మూడో డబ్బా నిండిందని ఉస్తాద్ దగ్గర గొప్పలు పోయాను.

ఆయన ఫోన్ పక్కన పెట్టి, బాయిలర్‌లో నీళ్ళెంత ఉన్నాయో చూపే గొట్టం గురించి అడిగాడు.

"గాజు గొట్టంల నీళ్ళు కనపడకుంటే ముందుగాల ఏం చేస్తవ్?"

"పంపు వేసి నీళ్ళు పెడ్త ఉస్తాద్."

"ఎర్రగ కాలిన బాయిలర్ల సల్లనీళ్ళు పెడ్తె నువ్వుంటవా, మిల్లుంటదా? ముందు మంట ఆపాలె. అబద్ధమాడితె ఫోన్‌కేం పోతది బిడ్డా?"

ఆయన మా అమ్మాయిని పిలిపించి, "నోటితోని చెప్పేదాంక జవాబు చూపియ్యకమ్మా" అన్నాడు. ఆమె అలాగే మార్చింది. తర్వాత వరసగా డబుల్ డ్యూటీలు పడి నేను ఫోన్ తెరవకపోతే ప్రశ్నలు కుప్ప పడ్డాయి. ఆ కుప్ప చూసి భయపడి మానేశాను. అప్పుడూ ఆయనే, "అలిసినోనికి ఐదే అడగమను. అండ్ల పాణం తీసేటివి ముందు" అన్నాడు. అదీ మార్చింది. ఇక చదువుతుంటే నా కళ్ళు మూతపడుతున్నాయని, ప్రశ్నలన్నీ ఆయన గొంతుతోనే చెప్పించి ఎక్కించింది.

పరీక్ష గట్టెక్కాను. మిఠాయి తీసుకుపోతే ఒక ముక్క నోట్లో వేసుకుని, "కాయిదం గోడకుంటది. యాది తలకాయల ఉండాలె. బంద్ చెయ్యకు" అన్నాడు. ఈ రోజు నేను ప్రాణాలతో ఉండి ఇది రాస్తున్నానంటే ఆయన పుణ్యమే.

ఆయనను సాగనంపిన మరునాడు మళ్ళీ డ్యూటీ. టీ తాగుతుంటే ఫోన్ మోగింది. ఆయన గొంతు.

"గాజు గొట్టంల నీళ్ళు కనపడకుంటే ముందుగాల ఏం చేస్తవ్?"

ఆ మాట వెనకాల ఆయన టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా ఫోన్‌లో వినబడింది. 'రాలేదు' అని నొక్కితే రేపే మళ్ళీ అడుగుతాడు. వేలు దాని మీదే చాలాసేపు ఉంచాను. ఎదురుగా గాజు గొట్టంలో నీళ్ళు సగానికి నిలబడి సన్నగా ఊగుతున్నాయి.

"మంట ఆపుత ఉస్తాద్" అని పైకే చెప్పి, 'వచ్చింది' నొక్కాను. మళ్ళీ ఎప్పుడు అడుగుతాడో తెర మీద పడింది. పదకొండు నెలల తర్వాత.