మంచుకొండల కోడీ పిల్లలూ

మొన్న మా మనవరాలు అరచేతిలో ఇమిడే కుండీలో దళసరి ఆకుల మొక్కనొకదాన్ని తెచ్చి, దీనికి నీళ్లు ఎక్కువ పోయకూడదట అమ్మమ్మా అని జాగ్రత్తలు చెబుతుంటే, గురజాలలో మా మేనత్త పెంచిన మొక్కలు కళ్లముందు కదిలాయి.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. అత్తయ్య మిషను బడిలో పంతులమ్మ. ఆ బడి చూసే దొరసాని స్వదేశానికి వెళ్లిపోతూ, తమ మంచుకొండల నుంచి తెచ్చుకుని కుండీలో సాకిన మొక్కను అత్తయ్యకు అప్పగించింది. గులాబీపువ్వులా పేర్చినట్టున్న ఆకులు, చుట్టూ చిన్న పిలకలు. వాళ్ల భాషలో దాని పేరుకు కోడీ పిల్లలూ అని అర్థమట. మంచు కప్పినా చావని మొక్క మా రోహిణీ కార్తె ఎండలకు ఏమవుతుందో చూడాలని అత్తయ్యకెంత ఆత్రమో, చిన్నపిల్లనైన నాకూ అంతే.

ఎండలు ముదరగానే అది ఆకులన్నీ లోపలికి ముడుచుకుంది. వేసవిలో అది నిద్రపోతుందని, నీళ్లు పోయవద్దని అత్తయ్య ఎంత చెప్పినా నాయనమ్మ మనసు ఊరుకోలేదు. అత్తయ్య పరీక్షకని గుంటూరు వెళ్లినప్పుడు, తాగే నీళ్లే దూరపు బావి నుంచి మోసుకొచ్చుకునే ఆ కరువులో, తన వాటా నీళ్లలోంచి రోజూ చెంబెడు దానికి పోసింది. అత్తయ్య తిరిగొచ్చేసరికి తల్లిమొక్క కుళ్లి, ముట్టుకుంటే జారిపోతోంది.

"దప్పికతో ఎండిపోతందనుకున్నానే," అంది నాయనమ్మ ముఖం తిప్పుకుని.

అత్తయ్య కుళ్లు తగలని పిలకలను తుంచి, నీడన ఆరబెట్టి, పెరట్లో ఎండ పడని ఉత్తరపు గోడ సందులో, నాపరాతి ముక్కల మధ్య గుప్పెడు ఇసుకమట్టి కూరి నాటింది. వేళ్లు పట్టాయో లేదోనని నేను కదిపి చూడబోతే, ఈసారి నాయనమ్మే నా చెయ్యి పట్టుకుని, "లేపమాకే, పడుకోనీ," అంది. వానలు పడితే పాత మూకుడు తెచ్చి వాటిమీద బోర్లించేదీ ఆమే. చలికాలానికి అవి అంచులు ఎర్రబడి, నిండుగా విచ్చుకున్నాయి.

కొన్నేళ్లకు వాటిలో పెద్దది నిలువునా కాడ తీసి లేతగులాబీ రంగు పూలు పూసింది. మా వీధివాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు. పూలు రాలగానే మొక్క ఎండిపోయింది. మళ్లీ ఏం పొరపాటు జరిగిందోనని నేను ఏడుస్తుంటే, దాని తీరే అంతని, ఒక్కసారి పూసి పోతుందని అత్తయ్య సముదాయించింది. నాయనమ్మ మాత్రం ఆ ఎండిన కాడ చుట్టూ గుంపుగా లేచిన పిలకలను చాలాసేపు చూస్తూ కూర్చుంది.

"పిల్లలందరినీ చుట్టూ బెట్టుకుని పోయింది. చానా అదృష్టవంతురాలు," అంది.

మా నాన్నకు ముందు పుట్టిన ఇద్దరిని ఆమె కలరాలో పోగొట్టుకుందని నాకు తెలిసింది ఆ తర్వాతే.

సాగరు కాలువ వచ్చాక పొలాలు పచ్చబడ్డాయి, బిందెల మోత తప్పింది, మా పెరటి గోడకు చెమ్మ ఎక్కింది. అన్నేళ్ల ఎండలకు లొంగని మొక్కలు ఆ చెమ్మకు ఒక్కొక్కటే పోయాయి. నీళ్ల కోసం జీవితమంతా ప్రార్థించిన వాళ్లం, నీళ్లు వచ్చాయని ఎలా బాధపడతాం? కాని, పిడికెడు మొక్క బతుకుతుందా లేదా అని ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా కాచుకుని చూసిన ఆ ఓపిక మా తరంతోనే వెళ్లిపోతోందేమో అనిపిస్తుంది.